కక్షిదారు మాట గడప దాటకుండా: కొత్త న్యాయవాదులకు ఒక మార్గదర్శిని

ఎన్‌రోల్‌మెంట్ పూర్తయి, నల్లకోటు కుట్టించుకొని ఒక సీనియర్ దగ్గర చేరిన జూనియర్‌కు మొదటి ఏడాదిలో వాయిదా అడగడం, కాపీ అప్లికేషన్ పెట్టడం, దావా చిత్తుప్రతి రాయడం అందరూ నేర్పుతారు. కక్షిదారు నమ్మి చెప్పిన మాటను ఎలా దాచాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అది తెలియనిదెవరికి అనుకుంటారు. నా అనుభవంలో కక్షిదారు రహస్యం సాక్షి బోనులో బయటపడటం ఒక్కసారి కూడా చూడలేదు గానీ జెరాక్స్ షాపులోనూ, కోర్టు క్యాంటీన్‌లోనూ, ఆఫీసు వరండాలోనూ బయటపడటం చాలాసార్లు చూశాను. అందుచేత ఈ వ్యాసంలో చట్టం చెప్పేది ఎంతవరకు అవసరమో అంతవరకు చెప్పి, మిగిలినదంతా ఆఫీసును ఎలా అమర్చుకోవాలన్న దానికే కేటాయిస్తున్నాను.

ఒక సాయంత్రం కోర్టు ఎదురుగా ఉన్న బండి దగ్గర మిర్చి బజ్జీలు కొన్నాను. వాటిని చుట్టి ఇచ్చిన కాగితం ఒక భరణం కేసులో దాఖలైన కౌంటరు అఫిడవిట్‌లోని మూడో పేజీ. టోనరు మసకబారి పాడైన కాపీ అది. అయినా భార్య మీద భర్త చేసిన ఆరోపణ, ఆమె పుట్టింటి ఊరి పేరుతో సహా, నూనె మరకల మధ్య నుంచి చక్కగా చదవగలిగాను. అది ఏ ఆఫీసు నుంచి వచ్చిందో నేను ఆరా తీయలేదు. మరునాటి నుంచి మా ఆఫీసులో మాత్రం జెరాక్స్‌కు వెళ్ళిన మనిషి మంచి కాపీలతోపాటు పాడైన కాపీలను కూడా లెక్కపెట్టి వెనక్కి తేవాలన్న నియమం పెట్టాను.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 132వ సెక్షన్ ఈ విషయానికి మూలం. 1872 నాటి సాక్ష్య చట్టంలో 126, 127 సెక్షన్లుగా ఉన్నవే ఇప్పుడు ఇందులో ఒక్కచోటికి చేరాయి. వృత్తి సేవలో భాగంగా, ఆ సేవ నిమిత్తమే కక్షిదారు గానీ అతని తరఫున మరొకరు గానీ న్యాయవాదికి చెప్పిన మాటను, ఆ సేవలో న్యాయవాది చూసిన పత్రంలోని విషయాన్ని, ఆ పత్రం ఉన్న స్థితిని, న్యాయవాది తాను ఇచ్చిన సలహాను కక్షిదారు స్పష్టమైన సమ్మతి లేనిదే వెల్లడించరాదని ఆ సెక్షన్ శాసిస్తుంది. ఇక్కడ 'స్పష్టమైన' అన్న మాట ముఖ్యం. కక్షిదారు ఊరుకుంటే అది సమ్మతి కాదు, "మీ ఇష్టం సార్" అన్నా సమ్మతి కాదు. సమ్మతి తీసుకోవలసిన అవసరం వస్తే ఏ విషయం, ఎవరికి, ఎందుకు చెప్పబోతున్నారో తెలుగులో ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకం చేయించుకోవాలి.

సేవ ముగిసిన తరువాత కూడా ఈ బాధ్యత కొనసాగుతుందని ఆ సెక్షన్‌కు చేర్చిన వివరణ చెబుతోంది. న్యాయవాది గుమాస్తాకు, ఇతర ఉద్యోగులకు, కక్షిదారు మాటను మరో భాషలోకి అనువదించి చెప్పే దుబాసీకి కూడా ఇదే నిబంధన వర్తిస్తుంది. దుబాసీ మాట మన దగ్గర అలంకారప్రాయం కాదు. ఆదిలాబాద్ వైపు గోండి, మన్యంలో కోయ, సవర మాట్లాడే కక్షిదారులు తమ ఊరి కుర్రవాడినో, ఉపాధ్యాయుడినో వెంటబెట్టుకొని వస్తారు. అలా మాటను అనువదించి చెప్పే వ్యక్తికి, 'ఇక్కడ విన్నది నీ నోట బయటకు రాకూడదు, అది చట్టం' అని మొదలుపెట్టే ముందే చెప్పడం మన పని.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. పాత 126వ సెక్షన్ విధించిన బాధ్యతను ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఉల్లంఘించరాదని 17వ నియమం, కక్షిదారు తన మీద ఉంచిన నమ్మకాన్ని దుర్వినియోగం చేయరాదని, దాని నుంచి లాభం పొందరాదని 24వ నియమం చెబుతాయి. వీటిని మీరితే అడ్వొకేట్స్ చట్టం 1961 లోని 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ సంఘం మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు నుంచి సస్పెండ్ చేయవచ్చు, జాబితా నుంచి పేరే తొలగించవచ్చు. కొత్తవారు తరచుగా పొరబడే చోటు ఒకటి ఇక్కడ ఉంది. సాక్ష్య అధినియం ప్రధానంగా సాక్ష్యంగా ఏది చెప్పవచ్చు, ఏది చెప్పరాదు అన్నది తేలుస్తుంది. నమ్మకాన్ని కాపాడే వృత్తిధర్మం అంతకంటె విశాలమైనది. కక్షిదారు ఎవరన్నది, కేసు నంబరు, కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడగలిగినవే కావచ్చు. వాటికి సెక్షన్ 132 రక్షణ లేనంత మాత్రాన వాటి గురించి టీ కొట్టు దగ్గర మనం వ్యాఖ్యానం చేయవచ్చునని అర్థం కాదు.

మరొక మాట. ఈ రక్షణ కక్షిదారు సొత్తు, న్యాయవాదిది కాదు. కక్షిదారు చెప్పమంటే మనకు ఇబ్బందిగా ఉన్నా చెప్పవలసి రావచ్చు. ఆయన వద్దంటే, మనకు లాభమైనా నోరు మెదపరాదు.

కథ వినడానికి ముందే

చాలా ఆఫీసుల్లో కక్షిదారు వచ్చి కూర్చోగానే "చెప్పండి, ఏమిటి సమస్య" అంటారు. ఆయన పావుగంట సేపు అంతా చెప్పేసిన తరువాత, ఎదుటి పక్షం తమ పాత కక్షిదారేనని తెలుస్తుంది. అప్పటికే ఇద్దరి రహస్యాలూ ఒకే తలలో చేరిపోతాయి. ఒక దావా వేసే విషయంలో ఏదో ఒక సమయంలో సలహా ఇచ్చిన, పత్రాలు తయారుచేసిన లేదా ఒక పక్షం తరఫున పనిచేసిన న్యాయవాది ఎదుటి పక్షం తరఫున హాజరు కారాదని 33వ నియమం స్పష్టంగా చెబుతోంది. వకాల్తా దాఖలు చేయలేదు కదా, ఫీజు తీసుకోలేదు కదా అన్న సమాధానం ఇక్కడ చెల్లదు, ఎందుకంటే సలహా ఇచ్చినా చాలునని నియమంలోనే ఉంది.

కాబట్టి మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: "ముందు ఎదుటివాళ్ళ పేరు, ఊరు చెప్పండి. మీ విషయం తరువాత వింటాను." భూమి తగాదా అయితే సర్వే నంబరు కూడా అడగాలి, ఎందుకంటే ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు ఒక ఊళ్ళో నలుగురు ఉండవచ్చు గానీ సర్వే నంబరు మోసం చేయదు. దీనికోసం ఒక రిజిస్టరు పెట్టుకోవాలి. అందులో సలహా కోసం వచ్చి తిరిగిపోయినవారి పేర్లు, ఎదుటి పక్షం పేర్లు, ఊరు, తేదీ రాయాలి. వాళ్ళు చెప్పిన విషయం మాత్రం రాయకూడదు. మా గుమాస్తా మొదట్లో ఉత్సాహంగా 'విషయం' అనే గడి కూడా గీశాడు. ఆ గడిని నల్ల సిరాతో కొట్టించాను.

వెంట వచ్చినవాళ్ళు

మన దగ్గర కక్షిదారు ఒంటరిగా రావడం అరుదు. భూమి కేసుకు అన్నదమ్ములు, కుటుంబ కేసుకు తల్లిదండ్రులు, మేనమామలు, ఊరి పెద్దమనిషి కలిసి వస్తారు. పాశ్చాత్య దేశాల పుస్తకాలలో ఈ విషయానికి ఒకటి రెండు పేజీలు ఉంటే గొప్ప. మన ఆఫీసులో ఇదే రోజువారీ సమస్య.

చట్టం వైపు నుంచి చూస్తే, కక్షిదారు తరఫున మాట్లాడే మనిషి చెప్పిన మాటకు కూడా రక్షణ ఉంది. కానీ ఆ పక్కన కూర్చొని విన్న పెద్దమనిషిని ఈ సెక్షన్ కట్టివేయదు. రేపు ఆయనకూ ఈ కుటుంబానికీ చెడితే, ఆ రోజు విన్నదంతా ఎదుటివారికి చెప్పగలడు, సాక్షిగా రాగలడు కూడా. అందుచేత కీలకమైన వాంగ్మూలం తీసుకొనేటప్పుడు కక్షిదారు ఒక్కరే గదిలో ఉండాలి.

ఇది చెప్పినంత తేలిక కాదు. ఒకసారి ఇరవై ఆరేళ్ళ అమ్మాయి విడాకుల పిటిషన్ వేయించడానికి మేనమామ ఆమెను మా ఆఫీసుకు తీసుకువచ్చారు. ఫీజు ఆయనే ఇస్తున్నారు, మాటలన్నీ ఆయనే చెబుతున్నారు. కాసేపు విన్నాక, "మీరు ఏమనుకోకండి, అమ్మాయితో పది నిమిషాలు విడిగా మాట్లాడాలి. ఈలోగా బయట కాఫీ తీసుకోండి" అన్నాను. "మాకు తెలియనిది దాని దగ్గర ఏముంటుంది సార్? మా ఎదురుగానే అడగండి" అన్నారాయన. "ఏమీ ఉండదనే అనుకుంటున్నాను. ఎవరు వచ్చినా ఇలాగే అడుగుతాను, ఇది మా ఆఫీసు పద్ధతి" అని నవ్వుతూనే లేచి తలుపు తీశాను. ఆయన అయిష్టంగా వెళ్ళారు. తలుపు మూసుకున్నాక ఆ అమ్మాయి కాసేపు గోళ్ళు చూసుకుంటూ కూర్చొని, "నాకు విడాకులు వద్దు సార్. ఆయన దగ్గరకు వెళ్ళిపోతాను. మావయ్యకు మాత్రం చెప్పకండి" అంది.

ఫీజు ఇచ్చేది ఎవరైనా కక్షిదారు ఆ అమ్మాయే. "అమ్మాయి ఏమంది?" అని మేనమామ అడిగినప్పుడు, "అది ఆమెనే అడగాలండీ, నేను చెప్పకూడదు. పిటిషన్ మాత్రం ఈ రోజు తయారుచేయడం లేదు" అన్నాను. ఆయన లోపల ఏదో జరిగిందని పసిగట్టే ఉంటారు. అయినా ఊహించుకోవడం వేరు, మన నోటి నుంచి వినడం వేరు. అబద్ధం చెప్పి కప్పిపుచ్చవలసిన పని కూడా లేదు. చెప్పకూడదు అన్నది పూర్తి సమాధానమే. 'ఇది మా ఆఫీసు పద్ధతి' అన్న వాక్యం జూనియర్లు తప్పక అలవాటు చేసుకోవాలి. అందులో ఎవరినీ అనుమానించిన ధ్వని ఉండదు.

అన్నదమ్ములు ఇద్దరూ కలిసి ఒకే న్యాయవాదిని పెట్టుకున్నప్పుడు చిక్కు మరో రకంగా వస్తుంది. పినతండ్రి మీద భాగపంపిణీ దావా వేయడానికి కలిసి వచ్చిన ఇద్దరు, డిక్రీ వచ్చే వేళకు తమలో తాము తగవు పడటం మామూలే. ఇద్దరూ కలిసి చెప్పిన విషయం బయటివారికి రహస్యమే గానీ వాళ్ళలో ఒకరి నుంచి మరొకరికి దాచగలిగినది కాదు. అందుకని మొదటి రోజే, "మీలో ఒకరు నాకు విడిగా ఫోన్ చేసి చెప్పినా, కేసుకు సంబంధించినదైతే రెండోవారికి చెబుతాను. ఇద్దరికీ ఇష్టమైతేనే వకాల్తా మీద సంతకం చేయండి" అని చెప్పాలి. తరువాత వాళ్ళు విడిపోతే ఎవరి పక్షానా ఉండకుండా తప్పుకోవడమే సరైన దారి. తమ్ముడు చిన్నప్పటి నుంచి తెలిసినవాడని అతని వైపు ఉండిపోతే, అన్న చెప్పినదంతా ఆయనకు వ్యతిరేకంగా మన చేతిలో ఆయుధమవుతుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ తండ్రికి గానీ తమ్ముడికి గానీ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చి ఇక్కడ కేసు నడిపించేవారి విషయంలో, ఏ సంగతి జీపీఏ హోల్డర్‌కు చెప్పాలి, ఏది నేరుగా తమకే చెప్పాలి అన్నది వారి నుంచే ఈమెయిల్‌లో రాయించుకోవడం మంచిది. ఇలాంటి కుటుంబాలు సాధారణంగా ఒక వాట్సాప్ గ్రూపు తెరిచి అందులో ప్లీడరు గారిని కూడా చేరుస్తాయి. ఆ గ్రూపులో వాయిదా తేదీ తప్ప మరేదీ రాయకండి. అందులో ఉన్న పదిహేను మందిలో ఎదుటి పక్షానికి వియ్యంకుడు ఎవరో మనకు తెలియదు.

కాగితం, గుమాస్తా, జెరాక్స్

గుమాస్తా లేనిదే ఆఫీసు నడవదు. కోర్టు ఆవరణలో ఉన్న గుమాస్తాలంతా ఒకరికొకరు తెలిసినవారు, ఒకరి పని ఒకరు చేసిపెట్టేవారు. ఎదుటి పక్షం గుమాస్తా "మీవాళ్ళు రాజీకి వస్తారా?" అని యథాలాపంగా అడిగితే, మన గుమాస్తా "మావాడు నాలుగు లక్షలకు ఒప్పుకుంటాడు" అని మాటవరసకు అనేయవచ్చు. ఆ ఒక్క వాక్యంతో రాజీ బేరం అంతటితో ఆగిపోతుంది. గుమాస్తాకు సెక్షన్ నంబరు చెప్పి లాభం లేదు. ఏ ప్రశ్నకు ఏ జవాబు ఇవ్వాలో నేర్పాలి. "సార్‌ను అడగండి" అన్నది అన్నిటికీ సరిపోతుంది.

ఇప్పుడు ప్రింటు కావాలంటే షాపు నంబరుకు వాట్సాప్‌లో పిడిఎఫ్ పంపడం అలవాటైంది. పంపిన అఫిడవిట్ ఆ షాపు ఫోన్‌లో, ఆ షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో నెలల తరబడి ఉండిపోతుంది. అదే షాపుకు ఎదుటి పక్షం జూనియర్ కూడా వెళ్తాడు. ఆఫీసులో ఒక చిన్న ప్రింటర్ కొనుక్కోవడం దీనికి సరైన మందు. ఆ స్తోమత ఇంకా లేకపోతే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, పక్కనే నిలబడి, ప్రింటు అయ్యాక షాపు కంప్యూటర్‌లో కాపీ మిగలకుండా చూసి రావాలి. ఆఫీసు బల్ల మీద కేసు కట్టలు పేర్లు పైకి కనిపించేలా పేర్చడం కూడా మానాలి. ఎదురుగా కూర్చున్న కక్షిదారు తలకిందులుగా ఉన్న అక్షరాలను కూడా చదవగలడు. కట్ట మీద కేసు నంబరు మాత్రమే రాసి, పేర్లు లోపలి అట్ట మీద రాస్తే చాలు.

కోర్టు హాలు బయట, బార్ అసోసియేషన్ గదిలో తోటి న్యాయవాదులతో సందేహాలు చర్చించుకోవడం మన చదువులో భాగమే, దాన్ని మానమని ఎవరూ అనరు. కానీ మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి న్యాయ సమస్యను మాత్రమే అడగాలి. చిన్న ఊళ్ళలో పేరు తీసేయడం ఒక్కటే సరిపోదు. "పేరు చెప్పను గానీ, మన ఊళ్ళో ఒక లేడీ డాక్టరు గారి విడాకుల కేసు" అంటే, ఊళ్ళో ఉన్నది ఒకే లేడీ డాక్టరు అయినప్పుడు, పేరు చెప్పినట్టే. ఇదే తప్పు యూట్యూబ్ ఇంటర్వ్యూలలో, రీల్స్‌లో పెద్ద ఎత్తున జరుగుతోంది. తాను నడుపుతున్న కేసుల గురించి పత్రికల్లో వ్యాఖ్యలు రాయించుకోవడం, ఫొటోలు వేయించుకోవడం 36వ నియమం ప్రచారంగా పరిగణించి నిషేధిస్తుంది. నమ్మకం సంగతి దానికి అదనం. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద జరిగే విచారణ రహస్యంగా సాగాలి, దాని వివరాలు ప్రచురించరాదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో కేసులో పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం. మధ్యవర్తిత్వంలో అన్న మాటలు గోప్యంగా ఉండాలని 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం విడిగా చెబుతోంది. ఈ మూడు రకాల కేసులలో మామూలుకంటె రెట్టింపు జాగ్రత్త పడాలి.

కృత్రిమ మేధ చాట్‌బాట్‌లలో కక్షిదారు పత్రాన్ని యథాతథంగా అతికించి 'దీనికి రిప్లై నోటీసు రాసిపెట్టు' అనడం ఇప్పటి జూనియర్లకు అలవాటవుతోంది. ఆ సమాచారం ఏ సర్వర్‌కు పోతుందో, ఎంతకాలం ఉంటుందో మన చేతిలో లేదు. 2025 జులైలో కేరళ హైకోర్టు జిల్లా న్యాయవ్యవస్థ కోసం కృత్రిమ మేధ వాడకంపై విధానాన్ని తెస్తూ గోప్యత విషయంలో ఇలాంటి ఆందోళననే వ్యక్తం చేసింది. ఆ విధానం న్యాయవాదుల కోసం రాసినది కాకపోయినా, అందులోని జాగ్రత్త మనకూ పనికివస్తుంది. వాడక తప్పని పరిస్థితి ఉంటే పేర్లు, ఊర్లు, సర్వే నంబర్లు, ఆధార్, బ్యాంకు వివరాలు తీసేసి, చట్టపరమైన ప్రశ్నను మాత్రమే అడగాలి.

కక్షిదారు తప్పు పని చెప్పినప్పుడు

జరిగిపోయిన నేరాన్ని కక్షిదారు మన దగ్గర ఒప్పుకుంటే దానికి పూర్తి రక్షణ ఉంది. 'నేను ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి' అని కక్షిదారు అన్న మాట వెల్లడి కాకూడదని చట్టంలోని ఉదాహరణే చెబుతోంది. నిందితుడు నేరం చేశాడా లేదా అన్న మన సొంత అభిప్రాయంతో పని లేకుండా అతని తరఫున వాదించాలని 15వ నియమం కూడా అంటోంది. ఇకముందు చేయబోయే చట్టవిరుద్ధమైన పని కోసం చెప్పిన మాటకు మాత్రం రక్షణ లేదు. మనం సేవ మొదలుపెట్టిన తరువాత నేరమో మోసమో జరిగినట్టు మన కంటపడిన విషయానికీ లేదు.

మన ప్రాంతంలో ఇది ఎక్కువగా స్టాంపు కాగితం రూపంలో ఎదురవుతుంది. కక్షిదారు సంచిలోంచి పదిహేనేళ్ళ నాటి ఖాళీ స్టాంపు కాగితం తీసి, అంచులు పసుపు పచ్చగా మారిన ఆ కాగితాన్ని బల్ల మీద జాగ్రత్తగా పరిచి, "దీని మీద మా నాన్న పేరుతో అగ్రిమెంటు రాసేద్దాం సార్, వేలిముద్ర సంగతి నేను చూసుకుంటాను" అంటాడు. ఆ మాటకు సెక్షన్ 132 రక్షణ లేదు. అలాగని మర్నాడే పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తమని ఆ సెక్షన్ మనల్ని ఆదేశించడం లేదు. రక్షణ లేకపోవడం అంటే, కోర్టు అడిగినప్పుడు చెప్పకుండా ఉండటానికి ఆ సెక్షన్ సాకు కాదని అర్థం. మనం వెంటనే చేయవలసింది ఆ పని చేయనని చెప్పడం, ఆ కాగితాన్ని మన ఆఫీసులో ఉంచుకోకుండా తిప్పి ఇచ్చేయడం, అతను పట్టు వదలకపోతే కేసు వదులుకోవడం. నేనైతే ఇలాంటివారికి మొదట కాస్త సమయం ఇస్తాను. అది ఎంత పెద్ద నేరమో, స్టాంపు వెండరు రిజిస్టరు ఎలా పట్టిస్తుందో విడమరచి చెబితే, పదిమందిలో ఎనిమిదిమంది కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటారు.

తప్పుకోవలసి వస్తే, తగినంత ముందుగా నోటీసు ఇచ్చి, కోర్టు అనుమతితో తప్పుకోవాలి. కోర్టులో వేసే మెమోలో కారణం రాయవద్దు. 'నా కక్షిదారు దొంగ పత్రం తయారుచేయమన్నందున' అని రాస్తే, రక్షణ ఉన్నా లేకపోయినా, అతని కేసును మన చేతులతోనే ముగించినవాళ్ళమవుతాం. వృత్తిపరమైన కారణాలు అన్న రెండు మాటలు చాలు.

పోలీసు నోటీసు మన పేరు మీద వస్తే

దర్యాప్తు అధికారి 'ఫలానా కేసులో మీ కక్షిదారు గురించి తెలిసినది చెప్పడానికి స్టేషన్‌కు రండి' అని నోటీసు ఇచ్చినప్పుడు కొత్త న్యాయవాది భయపడి వెళ్ళిపోతాడు. సీఐ గారు మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పిస్తే మరీ సులభంగా మాట జారుతుంది. 2025 జూన్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఇద్దరు సీనియర్ న్యాయవాదులకు వారి వృత్తి సేవ విషయంలో సమన్లు పంపి, నిరసన రావడంతో వెనక్కి తీసుకుంది. ఇలాంటి సమన్ల విషయాన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించిన సుప్రీంకోర్టు, అదే ఏడాది అక్టోబరు 31న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె. వినోద్ చంద్రన్, జస్టిస్ ఎన్.వి. అంజారియాల ధర్మాసనం ద్వారా స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. ప్రతి జూనియర్ ఆ తీర్పు ప్రతిని ఫోన్‌లో ఉంచుకోవాలి.

ఆ తీర్పు ప్రకారం, సెక్షన్ 132 లోని మినహాయింపుల కిందికి వస్తే తప్ప, కేసు వివరాలు తెలుసుకోవడానికి నిందితుడి న్యాయవాదికి సమన్లు ఇవ్వరాదు. ఏ మినహాయింపు, ఏ వాస్తవాల ఆధారంగా వర్తిస్తుందో సమన్లలోనే రాయాలి. ఎస్పీ స్థాయికి తగ్గని పై అధికారి తన సంతృప్తిని లిఖితపూర్వకంగా నమోదు చేసి, ముందే ఆమోదం ఇచ్చి ఉండాలి. ఇలాంటి సమన్లను న్యాయవాది గానీ కక్షిదారు గానీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద హైకోర్టులో సవాలు చేయవచ్చు. కాబట్టి నోటీసు అందగానే అందుకున్న తేదీ, సమయం రాసి, అందులో ఎస్పీ ఆమోదం, మినహాయింపు వివరం ఉన్నాయేమో చూసి, కక్షిదారుకు తెలియజేసి, లేనివాటిని ఎత్తిచూపుతూ లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఫోన్‌లో జవాబు చెప్పవద్దు.

పత్రాల విషయంలో ఒక భ్రమ తొలగించుకోవాలి. మన దగ్గర ఉన్నంత మాత్రాన కక్షిదారు పత్రాలకు 132వ సెక్షన్ గొడుగు పట్టదని అదే తీర్పు తేల్చింది. అయితే వాటిని సంహిత 94వ సెక్షన్ కింద అడిగినప్పుడు కోర్టు ముందే సమర్పించాలి, దర్యాప్తు అధికారి చేతికి కాదు. ఫోన్, ల్యాప్‌టాప్ వంటివి కూడా కోర్టుకే ఇవ్వాలి. కోర్టు కక్షిదారుకు నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వింటుంది. ఆ తరువాత తెరవవలసి వచ్చినా కక్షిదారు, న్యాయవాది సమక్షంలో, వారు ఎంచుకున్న సాంకేతిక నిపుణుడి సాయంతోనే తెరవాలి. ఇతర కక్షిదారుల గోప్యతకు భంగం కలగకూడదు. ఇక్కడే ఆఫీసు అమరిక ప్రయోజనం కనిపిస్తుంది. ప్రతి కక్షిదారుకు వేరే ఫోల్డరు ఉంటే ఆ ఒక్కటి తీసి చూపవచ్చు. అన్నీ ఒకే 'వాట్సాప్ ఇమేజెస్'లో కలిసి ఉంటే ఒకరి కేసు కోసం నలభైమంది ఫొటోలు తెరుచుకుంటాయి. సంస్థలో జీతం మీద పూర్తికాలం పనిచేసే న్యాయ సలహాదారులకు 132వ సెక్షన్ రక్షణ లేదని కూడా ఆ తీర్పు చెప్పింది కనుక, ప్రాక్టీసు వదిలి కంపెనీలో చేరేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

కేసు ముగిశాక

ఫీజు బాకీ ఉందని కట్ట ఇవ్వకుండా ఆపే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చి చెప్పింది. ఫీజు కోసం దావా వేసుకోవచ్చు. ఆ దావాలో ఎంత పని చేశామో రాస్తే సరిపోతుంది, కక్షిదారు ఏమి చెప్పుకున్నాడో రాయనక్కరలేదు. న్యాయవాది తన ఫీజు తగాదాలోనో, తన మీద ఫిర్యాదు వచ్చినప్పుడో తనను కాపాడుకొనేందుకు కొంత వెల్లడించవచ్చునని అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాలలో ప్రత్యేక మినహాయింపు ఉంది. మన 132వ సెక్షన్‌లో అటువంటిది రాసి లేదు. కనుక జవాబు చెప్పుకోవడానికి తప్పనిసరి అయినంత మేరకే, అది కూడా విచారిస్తున్న సంఘం ముందే చెప్పాలి.

వీలునామా రాయించుకున్న పెద్దాయన పోయిన తరువాత, "మా నాన్న మీతో ఏమన్నారండీ, ఇల్లు నాకే ఇస్తానన్నారు కదా?" అని పెద్దకొడుకు వస్తాడు. వీలునామా ఏమి చెబుతుందో అది చెబుతుంది. ఆయన మనతో అన్నది ఆయనతోనే పోయినట్టు భావించాలి. వీలునామా రాసిన న్యాయవాదే దాని మీద సాక్షి సంతకం చేయడం మన దగ్గర సర్వసాధారణం గానీ, నేను మానుకోమనే చెబుతాను. సాక్షి సంతకం చేస్తే రేపు బోను ఎక్కవలసి రావచ్చు, సాక్షిగా వెళ్ళవలసి వస్తుందని తెలిసిన కేసును స్వీకరించరాదని 13వ నియమం ఉండనే ఉంది.

ముగిసిన కేసుల్లో అసలు పత్రాలను జాబితా రాసి, సంతకం తీసుకొని కక్షిదారుకు తిరిగి ఇవ్వాలి. మిగిలిన నకళ్ళు, చిత్తుప్రతులు అటక మీద పేరుకుపోతాయి. సంక్రాంతికి ముందు ఆఫీసు సున్నం వేయించేటప్పుడు వాటిని పాత పేపర్లవాడికి కిలోల లెక్కన తూచి అమ్మేస్తారు. నేను తిన్న బజ్జీల కాగితం వంటివి అక్కడి నుంచి కూడా బండి మీదికి చేరతాయి. రెండు మూడు వేల రూపాయలకు దొరికే చిన్న ష్రెడర్ ఒకటి కొని, ఏడాదికి ఒకసారి, జూనియర్ ఒకరు దగ్గరుండి వాటిని ముక్కలు చేయించి, ఏ కేసు నంబరు కట్టను ఏ తేదీన చింపించారో రిజిస్టరులో రాసి, కింద సంతకం పెట్టాలి.